సేవ చేస్తానంటున్న అమ్మాయికి ఎంఎస్‌డబ్ల్యూ సరైన దారేనా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి బీఎస్సీ ఆఖరి సంవత్సరం. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి వెళ్లొచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం యానాదుల కాలనీలో పిల్లలకు చదువు చెబుతోంది. బీఈడీ వద్దు, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తానంటోంది. సేవ మంచిదే. కానీ అది కూడు పెడుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు జీతం సంగతే మాట్లాడుకుందాం. ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లను ఆసుపత్రులు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు, జిల్లా బాలల సంరక్షణ విభాగం, స్వచ్ఛంద సంస్థలు తీసుకుంటాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి కాబట్టి అక్కడా అవకాశాలున్నాయి. కాకపోతే చాలా పోస్టులు కాంట్రాక్టువే, మొదట్లో జీతం తక్కువే. ఈ మాట మీ అమ్మాయికీ ఇప్పుడే తెలియాలి.

ఇక ఈ పని తనకు నప్పుతుందా అన్నది. జాలి గుండె ఒక్కటే చాలదండీ. ఆ కాలనీలో ఒక ముసలమ్మకు పింఛను రావడం లేదనుకుందాం. ఆధార్‌లో పోలమ్మ, రేషన్ కార్డులో పోలేరమ్మ. ఏ సంవత్సరం పుట్టిందో ఆమెకే తెలియదు. ఏళ్ల తరబడి చేపలు, పీతలు పట్టిన చేతులు, వేలిముద్ర పడదు. వేలిముద్ర బదులు కనుపాపతో కూడా గుర్తింపు చూస్తారని చెప్పేవాళ్లు లేరు. సచివాలయానికి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. దుప్పటి పంచి ఫొటో దిగితే ఇది తేలదు. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాలి, ఏ కాగితం తక్కువైందో రాసుకోవాలి, పై వారం మళ్లీ వెళ్లి అడగాలి. ఇలా తిరగడానికి మీ అమ్మాయికి ఓపిక ఉంటే ఆ చదువు తనకోసమే.

మన నెల్లూరు జిల్లాకు ఇది కొత్తేమీ కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో వలంటీర్లు ఊరూరా రాత్రి బళ్లు నడిపారు. వాళ్లు నేర్పింది అక్షరాలు. సారా వద్దని 1992లో దూబగుంటలో తిరగబడింది మాత్రం అక్కడి ఆడవాళ్లే. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రోజుకు రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలూ ఆ ఊపులోనే పెరిగాయి. వలంటీరు పక్కన నిలబడాలి, నిర్ణయం వాళ్లది కావాలి. ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి చేసింది ఇది నేర్పడానికే.

డిగ్రీ మాత్రం ఫస్ట్‌క్లాసులో పూర్తి చేయమనండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు నిండి ఉంటే సర్టిఫికెట్ తీసుకోమనండి. ఆంధ్రా, నాగార్జున యూనివర్సిటీల్లో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ ఉంది. ముంబైలోని టిస్‌ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)కి కూడా అప్లై చేయొచ్చు. చేరేముందు వేసవిలో రెండు నెలలు ఏదైనా మంచి సంస్థలో పని చేస్తే తనకే తెలిసిపోతుంది. అప్పటికీ మనసు మారకపోతే బీఈడీ కోసం బలవంతపెట్టకండి.

ఆదివారాలు కాలనీకి ఒక్కతినే పంపకండి, తోడుగా స్నేహితురాలు ఉండాలి, చీకటి పడకముందే బయల్దేరాలి. ఒక ఆదివారం మీరూ వెళ్లి రండి. పరీక్షల నెలలో వెళ్లడం కుదరకపోతే, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పమనండి. వాళ్లు పలకలు పట్టుకుని ఎదురుచూస్తారు కదా.