రాయబార కార్యాలయం కారు గుద్దితే పరిహారం రాదా?

మీ బావగారి బండిని దౌత్య నంబరు ప్లేటున్న కారు గుద్దిందనీ, "వాళ్లకి ఇమ్యూనిటీ ఉంటుంది, వదిలేయండి" అని పోలీసులు అన్నారనీ రాశారు. ఇమ్యూనిటీ అంటే విదేశీ దౌత్య సిబ్బందికి అరెస్టు, కోర్టు కేసుల నుంచి ఉండే రక్షణ. అయినా దయచేసి వదిలేయకండి. నాకూ ఇదే జరిగింది.

సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి వచ్చి గుద్దారు. డిక్కీ నొక్కుకుపోయింది, నాకు మెడ పట్టేసింది. ఆ కారు నడిపినాయన దిగి గుర్తింపు కార్డు చూపించగానే పోలీసాయన చేతిలోకి తీసిన బ్రెత్ ఎనలైజర్‌ని మళ్లీ సంచిలో పెట్టేశాడు. అది చూసి కడుపు రగిలిపోయింది. ఆ కారు వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, ఒళ్లో ఈత బ్యాగులు.

అదృష్టం కొద్దీ ఆ కార్డు ఫోటో తీసుకున్నాను. హోదా దగ్గర "పరిపాలన, సాంకేతిక సిబ్బంది" అని ఉంది. కేసంతా దానిమీదే నడిచింది. దౌత్య సంబంధాలపై దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందం ప్రకారం దౌత్యాధికారిని అరెస్టు చేయలేరు, ప్రమాదంపై సివిల్ దావా (నష్టపరిహారం కేసు) కూడా సాధారణంగా నడవదు. ఈ సిబ్బందికి మాత్రం, 37వ అధికరణం ప్రకారం, డ్యూటీకి బయట చేసిన పనులకు సివిల్ దావాల నుంచి రక్షణ లేదు. ఆదివారం పిల్లల్ని ఈతకు తీసుకెళ్లడం డ్యూటీ కాదు కదా! మా లాయరు ఆ ముక్కే పట్టుకుని నోటీసు పంపారు. దావా దాకా పోకుండానే వాళ్ల బీమా కంపెనీ డబ్బు కట్టింది.

కాన్సులేట్ కారైతే ఇంకా నయం. కాన్సులేట్లకు సంబంధించిన 1963 వియన్నా ఒప్పందం 43వ అధికరణం వాహన ప్రమాద నష్టంపై బయటివాళ్లు వేసే సివిల్ దావాను ఇమ్యూనిటీ నుంచి మినహాయించింది.

నడిపింది అసలు దౌత్యాధికారే అయితే కష్టమే, కానీ దారి మూసుకుపోదు. ఆ రక్షణ ఆయన సొంత సొత్తు కాదు, ఆయన దేశానిది. ఆ దేశం వదులుకోవచ్చు. 1997లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జార్జియా దేశపు దౌత్యవేత్త తాగి నడిపి పదహారేళ్ల అమ్మాయి చావుకు కారణమైతే, జార్జియా రక్షణ ఎత్తేసింది. ఆయన అక్కడే జైలుకెళ్లాడు. కాబట్టి రాయబార కార్యాలయానికీ, విదేశాంగ శాఖ ప్రోటోకాల్ విభాగానికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ముందు పోలీసు రిపోర్టు పట్టుబట్టి రాయించండి. ఇమ్యూనిటీ ఉన్నా ప్రమాదాన్ని నమోదు చేయడానికి అడ్డేమీ లేదు. "రాజీ కుదిరింది" అన్న కాగితం తెస్తే లాయరుకు చూపించకుండా సంతకం పెట్టనివ్వకండి. నా దగ్గరికి రెండో రోజే తెచ్చారు. ఆ డ్రైవరు కార్డులో ఏ హోదా ఉందో కనుక్కుని ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.