డాప్లర్ స్కాన్‌లో పెద్దగా ఏం లేదన్నారు, మరి కాళ్ళ నరాలకి ఈ 20 ప్రశ్నల పేపర్ నింపడం అవసరమా?

మీ అమ్మగారికి వెరికోస్ వెయిన్స్ (కాళ్ళలో రక్తనాళాలు ఉబ్బడం, మనం నరాలంటాం) అన్నారు, వాటిలో రక్తం ఎలా పారుతుందో చూసే డాప్లర్‌లో పెద్దగా ఏం లేదన్నారు, అయినా కాళ్ళు లాగుతున్నాయని ఆవిడ రోజూ బాధపడుతున్నారు, ఇప్పుడు ఈ పేపర్ నింపుకు రమ్మన్నారు, దీనివల్ల ఉపయోగం ఉందా అని కదా మీరడిగింది. ఉందండి, తప్పకుండా నింపించండి, కానీ ఓపీ బయట కుర్చీలో కూర్చుని హడావుడిగా మాత్రం వద్దు, మా నాన్న విషయంలో నేను చేసిన తప్పు అదే.

నాన్న 31 ఏళ్ళు టిఫిన్ హోటల్లో దోసె మాస్టర్. తెల్లవారుజామున నాలుగింటికి పెనం ముందు నిలబడితే మళ్ళీ కూర్చునేది పదకొండు దాటాకే. ఎడమ పిక్క మీద నరాలు తాళ్ళలా ఉబ్బిపోయి, సాయంత్రానికి చీలమండ దగ్గర వేలు పెట్టి నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోయేది. డాక్టర్లు దీనికి సి0 నుంచి సి6 దాకా గ్రేడ్లు వేస్తారు, సి2 అంటే ఉబ్బిన నరాలు, సి3 వాపు, సి4లో చర్మం నల్లబడటం లాంటివి, సి6 అంటే పుండు. నాన్నది సి3. కానీ అదే సి3తో ఒకాయన హాయిగా తిరిగేస్తుంటాడు, ఇంకొకరికి రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి నిద్రే ఉండదు, ఆ తేడా స్కాన్‌లో కనపడదు కాబట్టే ఈ ప్రశ్నలు.

మాకిచ్చిన పేపర్ పేరు సివిక్-20, ఫ్రాన్స్ వాళ్ళది, 1996లో వచ్చింది. గత నాలుగు వారాల్లో నొప్పి, నిద్ర, మెట్లెక్కడం, ఎక్కువసేపు నిలబడటం, బస్సు ప్రయాణం, ఇంటిపని, ఫంక్షన్లకి వెళ్ళడం, చిరాకు ఇలా అడుగుతారు, ఒక్కోదానికి 1 నుంచి 5, అన్నీ కలిపితే 20 నుంచి 100, ఎంత ఎక్కువైతే అంత ఇబ్బంది. (వేరే పేపర్లు కూడా ఉన్నాయి, అబెర్డీన్ అని ఒకదాంట్లో అయితే కాళ్ళ బొమ్మ ఇచ్చి నరాలు ఎక్కడెక్కడ ఉబ్బాయో గీయమంటారు.)

పేపర్ ఇంగ్లీషులో ఉంటే నేనే చదివి అడిగాను. మెట్లెక్కడం కష్టంగా ఉందా నాన్నా అంటే అబ్బే ఏం లేదురా అన్నాడు, 1 వేశా. పెళ్ళిళ్ళకి వెళ్ళడం అంటే అదీ ఏం లేదన్నాడు, ఇంకో 1. పక్కనుంచి అమ్మ అందుకుంది, "రెండేళ్ళయింది ఆయన మేడ ఎక్కి, ఎక్కితేగా కష్టం తెలిసేది! మా అన్నయ్య కూతురి పెళ్ళికి కూడా నన్నొక్కదాన్నే పంపించారు." అప్పుడర్థమైంది, నాన్న కష్టమైనవన్నీ ఒక్కొక్కటిగా మానేసుకుంటూ వచ్చాడు, మానేశాక ఇక ఇబ్బంది ఏముంటుంది?

ఆ పేపర్ పక్కన పడేసి ఇంటికెళ్ళాక రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి కష్టమా అని కాకుండా ఆఖరిసారి ఎప్పుడెక్కావు, ఎందుకు మానేశావు అని అడిగాను. మీవాళ్ళకి భారమైపోయానని అనిపిస్తుందా అనే ప్రశ్న దగ్గర నాన్న చాలాసేపు మాట్లాడలేదు, లుంగీ అంచు లాగి కాలు కప్పుకుని "4 వెయ్యి" అన్నాడు. హాస్పిటల్లో 39 వచ్చిన మొత్తం ఇంట్లో 61 అయింది. అది చూశాకే డాక్టర్ గారు బిగుతు సాక్సులతో (స్టాకింగ్స్) సరిపెట్టకుండా, ఉబ్బిన నరాన్ని మూసేసే లేజర్ చికిత్స గురించి మాట్లాడారు. చేయించిన మూడు నెలలకి మళ్ళీ నింపితే 37.

కింద కూర్చుని లేవడం మాత్రం అప్పుడూ 4, ఇప్పుడూ 4, ఎందుకంటే అది మోకాళ్ళ అరుగుదల, నరాలది కాదు. మీ అమ్మగారికీ అలాంటివి ఉంటే పక్కన రాసి చెప్పండి, పేపర్‌కి ఆ తేడా తెలీదు. నింపింది ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాతసారి కూడా మీరే అదే తీరుగా అడగండి. ఒకవేళ ఒక కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే మాత్రం పేపరు, అపాయింట్‌మెంటు అని ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి, లోపల నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.