సౌండ్ తీసేసి చూడు

బరంపురం

బాబూ,

నీ వ్యాసం అందింది. అక్కినేని నాగేశ్వరరావు నిజంగా అంత గొప్ప నటుడేనా అని అడిగి, సగం దూరం పొగిడి, సగం దూరం తిట్టి, చివర్లో ‘నిర్ణయం పాఠకులకే వదిలేస్తున్నాను’ అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. పాఠకుడే తేల్చుకునేట్టయితే నీ వ్యాసం ఎందుకు చదవడం? మొక్కదలిస్తే మొక్కు, తిట్టదలిస్తే తిట్టు.

నీ తెలుగు చదివిస్తుంది. కానీ ‘అద్వితీయ నటనా వైదుష్యం’ ఏమిటి నాయనా? గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి నుంచి రావలసిన మాటేనా?

మొదటి పేజీ నిండా అవార్డులే. 1968లో పద్మశ్రీ, 1988లో పద్మభూషణ్, 1990 సంవత్సరానికి ఫాల్కే, 2011లో పద్మవిభూషణ్. అన్నీ నిజమే, వాటిలో నటన ఎక్కడుంది? కొట్టెయ్. తర్వాత ప్లేటు తిప్పి, ‘దేవదాసు’లో ఆ మత్తు కళ్లు ఉత్త నిద్రమగతే అన్నావు. రాత్రిళ్లు కడుపునిండా పెరుగన్నం తిని షూటింగుకి వెళ్లేవాడన్న కథ అందరం విన్నదే. అయితే ఏమైంది? పెరుగన్నం మనమూ తింటాం. రెప్పలు వాలతాయి, అంతే. ఎదుటి మనిషి మాట చెవికెక్కకపోయినా విన్నట్టు తల ఊపడం పెరుగన్నం నేర్పదు. నాటకాల్లో ఆడవేషాలు కట్టి వచ్చినవాడు, ఒళ్లు ఎక్కడ వంచాలో ఎక్కడ ఆపాలో ఆ స్టేజీ మీదే పట్టుకుని ఉంటాడు.

నటుణ్ణి తూచడానికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే. సౌండ్ తీసేసి చూడు. మన సినిమాల్లో సగం కీర్తి గొంతుది. 1953లో జనం దేవదాసు కోసం ఏడ్చారా, ఘంటసాల కోసం ఏడ్చారా? సౌండ్ ఉన్నంతసేపూ తేలదు. 1957 నాటి ‘మాయాబజార్’ పెట్టు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో తిరిగే సీన్లలో ఒక్క మాట వినపడకపోయినా సావిత్రి ఒంట్లో ఎస్వీ రంగారావు కనిపిస్తాడు. అదే సినిమాలో అభిమన్యుడు నాగేశ్వరరావు. సౌండ్ తీస్తే చక్కగా ముస్తాబైన కుర్రాడు తప్ప ఇంకేం మిగలడు. ‘దేవదాసు’లో మాత్రం మనిషి మిగులుతాడు. అందుకే గొప్ప నటుడన్న పేరు ఆయనకి దక్కవలసిందే అంటాను, కాకపోతే అన్ని సినిమాలకీ కలిపి కాదు. ‘దసరా బుల్లోడు’ స్టెప్పులకి ఈలలేసినవాళ్లతో నాకు పేచీ లేదు, అది వేరే సంబరం.

ఈ మాటే ఒకప్పుడు రాసి ఒక పత్రికకి పంపాను. సంపాదకుడు అభిమన్యుడి పేరా మొత్తం ఎగరగొట్టి, పేరు వచ్చిన ప్రతిచోటా ముందు ‘నటసామ్రాట్’ తగిలించి అచ్చేశాడు. అడిగితే ‘అభిమానులు ఊరుకోరండీ’ అన్నాడు. ఇంకొకాయన మరీను. ‘మీరు ఒడిశాలో ఉంటారు కదా, సినిమా సంగతులు మేం చూసుకుంటాం, అక్కడి గిరిజనుల కథలేమైనా పంపండి’ అని కార్డు రాశాడు. 1936లో ఒరిస్సాని వేరు చేస్తూ గీత గీసి మనల్ని ఇటు పెడితే కళ్లు అటే వదిలేసి వచ్చామనుకున్నాడేమో! ఇక్కడ తెలుగు బొమ్మ పడితే ఒరియావాళ్లూ మనవాళ్లూ ఒకే క్యూలో తోసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ సంపాదకులు పోయి రేటింగులొచ్చాయి. ఐదుకి మూడుంబావు అట. ఆ పావు దేనికిచ్చారో ఎవడూ చెప్పడు.

నీ వ్యాసంలో నన్ను ఆపేసిన చోటు ఒక్కటే, దాన్నేమో బ్రాకెట్లో పడేశావు. తెలుగు ముక్క రాని మీ పక్కింటి ఒరియా మావుసి, మీ ఇంట్లో టీవీలో ‘దేవదాసు’ చివరి సీను చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని, ‘ఆ ఇంటివాళ్లు ఇతన్ని లోపలికి ఎందుకు తీసుకుపోరు?’ అని మీ నాయనమ్మని అడిగిందన్నావు. దీన్ని బ్రాకెట్లో పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి? అవార్డులున్న చోట ఆవిణ్ణి కూర్చోబెట్టు, అక్కణ్ణుంచి వాదించు. ఆవిడకి తెలుగు మాటలు అందవు, పాట మాత్రం అందుతుంది. నాకు ఇంకా అనుమానం తీరలేదు. మళ్లీ వెళ్లి అడుగు. కళ్లలో నీళ్లు పాట వస్తున్నప్పుడు తిరిగాయా, పాట లేనప్పుడా? పాట దగ్గరే అంటే అదే రాయి, నాతో పోట్లాడు.

కలం పేరు సంగతీ, ఏ పత్రికకి పంపాలన్నదీ తర్వాత చూద్దాం. ఈసారి కాగితానికి ఒక పక్కే రాయి. రెండో పక్క సిరా ఇటు దిగి, మీ నాయనమ్మ మాటలు సగం చదవలేకపోయాను.

ఉంటాను.