1453ను మొదటి కారణంగా రాయడమే చిక్కు

పోర్చుగీసు సముద్రయాత్రలకు కారణాలేమిటని అడిగిన ప్రశ్నకు మీరు రాసిన జవాబులో మార్కులు తగ్గింది బహుశా ఈ వాక్యం దగ్గరే: “1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచి మిరియాల దారి మూసేశారు, అందుకే పోర్చుగీసువారు సముద్రయాత్రలు మొదలుపెట్టారు.” చాలా గైడ్లు ఇలాగే చెబుతాయి.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. కారణం రాసేముందు తేదీలను వరుసగా పేర్చి చూడండి.

1. 1415లో పోర్చుగల్ ఉత్తరాఫ్రికా రేవు సియూటాను పట్టుకుంది. 1434లో పోర్చుగీసు నావికుడు గిల్ ఇయానిష్ పశ్చిమాఫ్రికా తీరంలోని బొజడోర్ అగ్రం దాటాడు. 1444లో పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో ఆఫ్రికా బానిసలను దింపారు. అన్నీ 1453కు ముందువే! కారణం పుట్టకముందే ఫలితం ఎలా వస్తుంది?

2. వెనిస్ వర్తకులు మిరియాలు ఎక్కువగా కొన్నది అలెగ్జాండ్రియాలో. అది ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తానులది. ఒట్టోమన్లు, అంటే ఆ తురుష్కులే, ఈజిప్టును గెలిచింది 1517లో. అప్పటికి వాస్కో డ గామా కాలికట్ చేరి 19 ఏళ్లు.

3. తొలి దశకు పశ్చిమాఫ్రికా బంగారం, బానిసల వ్యాపారం, ముస్లిం రాజ్యాలపై మతయుద్ధం, ప్రెస్టర్ జాన్ అనే కల్పిత క్రైస్తవ రాజుతో పొత్తు ఆశ రాయండి. మిరియాలను పోర్చుగల్ రాజు రెండో జాన్ (1481–95) కాలానికి జరపండి.

1453ను పూర్తిగా కొట్టేయనవసరం లేదు. నల్లసముద్ర వ్యాపారం దెబ్బతిన్న ఇటలీ నగరం జెనోవా వర్తకులు పడమటికి మళ్లడానికి అది తోడ్పడింది. దానికి ఒక్క వాక్యం చాలు.