ఐటీలో పీజీ: సరిహద్దు విద్యార్థికి స్థానికత సందేహం

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాము. చదువంతా ఇక్కడే సాగింది. గణితం, కంప్యూటర్ సైన్స్ ప్రధానాంశాలుగా 64 శాతం మార్కులతో బీఎస్సీ పూర్తిచేసి, రెండేళ్లుగా నాన్నగారి కిరాణా కొట్టు చూసుకుంటున్నాను. ఇప్పుడు ఐటీలో పీజీ చేయాలని ఉంది. తెలుగువాళ్లం కనుక ఆంధ్రలో నాకు స్థానిక కోటా వర్తిస్తుందా? రెండేళ్ల విరామం అడ్డవుతుందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: విరామం ప్రవేశానికి అడ్డు కాదు. స్థానికత విషయంలో మాత్రం మీకు రుచించని మాట చెప్పవలసి వస్తోంది. దానిని నిర్ణయించేది మాతృభాష కాదు, చదివిన, నివసించిన చోటు. ఆంధ్రలోని పాతపట్నం మీకు కూతవేటు దూరంలోనే ఉన్నా, మీ చదువంతా ఒడిశాలో సాగింది కనుక, ఎంసీఏ అనే కంప్యూటర్ పీజీకి ఆంధ్రలో పెట్టే ప్రవేశపరీక్ష ఏపీ ఐసెట్‌లో మీరు స్థానిక అభ్యర్థి కారు. ఈ సంగతి కౌన్సెలింగు నాడు తెలిసి మన సరిహద్దు పిల్లలు వెనుదిరగకూడదనే ఇంత సూటిగా రాస్తున్నాను.

మీకు తగిన దారి నిమ్‌సెట్. వరంగల్ సహా పలు ఎన్‌ఐటీలలో ఎంసీఏ సీట్లను ఈ పరీక్ష ర్యాంకుతోనే భర్తీ చేస్తారు. డిగ్రీలో గణితం, జనరల్ అభ్యర్థులకు 60 శాతం మార్కులు అర్హత కాబట్టి మీకు ఇబ్బంది లేదు. మీ రాష్ట్రపు ప్రవేశపరీక్ష ఓజేఈఈకి కూడా తప్పక దరఖాస్తు చేయండి. ఎంటెక్ మీద మనసుంటే ఎంసీఏ పూర్తయ్యాక గేట్ రాయవచ్చు.

సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2020-21 నుంచి ఎంసీఏను రెండేళ్లకు కుదించినందున, చాలా కాలేజీలలో ఒకప్పుడు మూడేళ్లు తీరిగ్గా చెప్పిన పాఠాలు నాలుగు సెమిస్టర్లలో పరుగున వచ్చిపడతాయి. అందుకే పునాది ముందే వేసుకోవాలి. దానికి మీ కొట్టే మంచి బడి. అరువు పుస్తకం తీయండి. ప్రతి పద్దు పక్కనా ఖాతాదారు పేరు, వీధి, సెల్ నంబరు రాస్తూ పోతే, నంబరు మారిన రోజున యాభై చోట్ల దిద్దాలి. ఒక్కచోట మరచినా ఏది సరైనదో తేల్చలేము. ఖాతాదారుల వివరాలు ఒక పట్టికలో, పద్దులు మరొక పట్టికలో ఉంచి, రెండింటినీ ఖాతా సంఖ్యతో ముడివేయడమే డేటాబేస్ పాఠంలో నార్మలైజేషన్‌కు మూలం. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో ఈ పట్టికలు మీరే తయారు చేసి, ఎవరి బాకీ ఎంతో రాబట్టి చూడండి. ఐఐటీలు ఆన్‌లైన్‌లో అందించే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఇంటి నుంచే ఉచితంగా వినవచ్చు.

నిమ్‌సెట్‌లో సగానికి మించిన మార్కులు గణితానివే. కాబట్టి డిగ్రీ పుస్తకాలు అటక మీది నుంచి దించి, కొట్టు కట్టేశాక రోజూ రెండు గంటలు కేటాయించి, సమితులు, మాత్రికలు, సంభావ్యతలతో మొదలుపెట్టండి.