నంది హిల్స్ సెల్ఫీ గురించి

తమ్ముడూ,

నీ కథ నిన్న సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఒకసారి, ఇంటికొచ్చాక ఇంకోసారి చదివాను. మారతహళ్లి పీజీని బాగా పట్టావు, ఊరినుంచి వచ్చిన కారప్పొడి డబ్బా కోసం రూమ్మేట్లు కొట్టుకునే చోట నేను బెంగళూరు వచ్చిన కొత్త రోజులు గుర్తొచ్చాయి. నాకు అడ్డుపడింది ఒక్కచోటే. హత్య జరిగిన మర్నాడు అనుమానితుడు నంది హిల్స్‌లో నవ్వుతూ దిగిన సెల్ఫీ పెడతాడు, నీ ఎస్సై అది చూసి "వీడే" అనేస్తాడు, ఇక కథ గబగబా అరెస్టు దాకా వెళ్లిపోతుంది.

ఆ నవ్వుని సాక్ష్యంగా తీసుకోవద్దు. ఆ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా. రిపోర్టర్‌గా ఉన్నప్పుడు ఒక కేసులో అనుమానితుడి ప్రొఫైల్ తిరగేసి, ఆ రాత్రే పెళ్లి ఫోటో పెట్టాడు చూడండి, ఎంత ధీమానో అన్నట్టు రాశాను. తీరా చూస్తే ఫోటో పెట్టింది వాళ్ల మరదలు, ఇతన్ని ట్యాగ్ చేసిందంతే. వారం తిరక్కుండా పోలీసులు వదిలేశారు గానీ ఇంటి ఓనర్ మాత్రం ఖాళీ చేయించాడు. "తెలుగుదానివి, మమ్మల్ని ఒక్క మాట అడిగి రాయాల్సింది కదమ్మా" అని వాళ్లమ్మ ఫోన్‌లో అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇలా పొరబడేది మనమే కాదు. 2013లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పెట్టినవాళ్లలో ఒకడు ఆ తర్వాత కూడా ట్విట్టర్‌లో మామూలుగా రాస్తూనే ఉన్నాడు, నాకు టెన్షన్ ఉండదు అన్నట్టు కూడా రాశాడు. 2015లో విచారణ జరిగినప్పుడు అతని ట్వీట్లను, ఫోటోలను ఎఫ్‌బీఐ ఏజెంట్ కోర్టులో వివరిస్తే, డిఫెన్స్ లాయర్లు వాటిలో కొన్ని ర్యాప్ పాటల్లోని లైన్లేనని చూపించారు, ఏజెంట్ మక్కా అనుకున్న ఫోటో చెచెన్యాలోని గ్రోజ్నీది. నేరం అతనే చేశాడు, శిక్షా పడింది, అయినా ఆ అకౌంట్‌ని చదవడంలో అంత పెద్ద సంస్థ మనిషే తడబడ్డాడు. అదే కేసులో నెట్‌లో జనం, కనిపించకుండా పోయిన ఒక విద్యార్థి మీద అనుమానం వేసి అతని పేరు ఊరంతా తిప్పారు. ఆ అబ్బాయికి ఏ సంబంధమూ లేదు, కొద్దిరోజులకు శవమై దొరికాడు. ఆ ఇంట్లోవాళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

మరి సోషల్ మీడియాలో ఏం చూడాలంటావా, మనిషి అలవాటు ఎక్కడ తప్పాడో చూడు. ఎప్పుడూ లొకేషన్ పెట్టనివాడు ఆ ఒక్క రాత్రే లొకేషన్‌తో సహా ఎందుకు పెట్టాడు? ఫోటో పెట్టిన టైమ్ వేరు, తీసిన టైమ్ వేరు. తీసిన టైమ్ ఫోన్‌లోని అసలు ఫైల్‌లో ఉంటుంది, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఆ వివరాలు పోతాయి. సోషల్ మీడియా కంపెనీ ఇచ్చే రికార్డుల్లో టైమ్ తరచూ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, కాబట్టి ఇక్కడ రాత్రి 11.40కి పెట్టిన పోస్టు అందులో సాయంత్రం 6.10గా కనిపిస్తుంది. ఆ ఐదున్నర గంటలు కలపడం ఎవరైనా మరిచిపోతే ఒక అమాయకుడు ఇరుక్కుపోతాడు, నీకు అక్కడే ఇంకో కథ ఉంది.

పోస్టులు డిలీట్ చేయడం గురించి కూడా తొందరపడకు. నేరం తర్వాత మనిషి ప్రవర్తనను కోర్టు పరిగణించవచ్చు, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 8, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 6. కానీ భయపడ్డ అమాయకుడు కూడా డిలీట్ చేస్తాడు. ఇక స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి జడ్జి ముందు పెడితే చాలదు, 2024 జులై 1 నుంచి ఈ కొత్త చట్టం సెక్షన్ 63 కింద, ఆ రికార్డు ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి, అంతకుముందు అది పాత యాక్ట్‌లో 65బి. నీ కథలో ఫోన్ రిపోర్టు సాయంత్రానికల్లా వచ్చేసింది. మడివాళ ఫోరెన్సిక్ ల్యాబ్‌కి ఫోన్ పంపి, మీ ఎస్సైని కొన్నాళ్లు ఎదురుచూడనివ్వు.

సెల్ఫీ తీసేయక్కర్లేదు, ఉండనీ. కానీ మూడో పేజీలో నువ్వే రాశావు, ఆ కుర్రాడు రోజూ రాత్రి పదింటికి వాళ్లమ్మకి వాయిస్ మెసేజ్ పంపుతాడని. హత్య జరిగిన రాత్రి పంపాడా? పంపితే వెనకాల ఏం శబ్దాలు వినిపించాయి? అది రాసి పంపు, ఆదివారం లోపు చదువుతాను.

అక్క