ఈసీఎం పోయిందన్నారు, లక్ష అప్పు చేయాలా?

ప్రశ్న: మాది కోదాడ. 2017 మోడల్ బీఎస్-4 పది టైర్ల లారీ ఉంది, సిమెంటు లోడ్లకు తిప్పుతున్నాను. నెల రోజులుగా ఇంజిన్ వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోతోంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతోంది. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె) పోయిందని మెకానిక్ అంటున్నాడు. షోరూమ్‌లో కొత్తది జీఎస్టీ, ప్రోగ్రామింగ్ కలిపి 92 వేలు, ఏడాది వారంటీ, వారం పడుతుంది. బోర్డు రిపేరుకైతే 16 వేలు, నాలుగు రోజులు, ఆరు నెలల గ్యారంటీ. తుక్కుకు వెళ్లిన బండిది 30 వేలకు దొరుకుతోంది. ఫైనాన్స్ కంపెనీ ఇదే బండి మీద 2 లక్షల టాప్-అప్ (అదనపు అప్పు) ఇస్తానంటోంది, 18 శాతం వడ్డీ, 36 నెలలు. ఇప్పటికే నెలకు 21 వేల కిస్తీ, ఇంకా 11 ఉన్నాయి. డీజిల్, టోల్, బత్తా, టైర్లు పోను బండి తిరిగిన రోజుకు 3 వేలు మిగులుతుంది, నెలకు 24 రోజులు తిరుగుతుంది. డ్రైవర్ జీతం 18 వేలు, ఇన్సూరెన్స్, ట్యాక్స్, పర్మిట్లకు నెలకు 8 వేలు. ఇలాగే అమ్మితే 6 లక్షలు, బాగుచేసి అమ్మితే 8.5 లక్షలు వస్తాయంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్కమాట. ఈ పరిస్థితిలో బండిని లోడుకు పంపకండి. నడుస్తూ ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగిపోతుంది. విజయవాడ హైవే మీద రాత్రిపూట లోడుతో అలా ఆగిపోతే జరిగే నష్టం ముందు మీరు రాసిన అంకెలన్నీ చిన్నవే.

ఇక డబ్బు విషయం. ఈసీఎం పోయిందని ఇంకా రుజువు కాలేదు. వేడికి ఆగి చల్లారాక స్టార్టయ్యే బండిలో మొదట అనుమానించాల్సింది క్రాంక్ స్పీడ్ సెన్సర్‌ని, అంటే ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో ఈసీఎంకు చెప్పేదాన్ని. ఆ తర్వాత మెయిన్ రిలే (ఈసీఎంకు కరెంటు ఇచ్చే స్విచ్చు), ఈసీఎం కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టిన పిన్నులు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు. వీటిలో ఏది పోయినా ఖర్చు ఈసీఎం ధరలో చిన్న వంతే. కాబట్టి మొదటి ఖర్చు పరీక్షకు పెట్టండి. స్కానర్, వోల్ట్ మీటర్ రెండూ ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఒక రోజు కూలి మాట్లాడుకోండి.

పరీక్ష బండి ఆగిపోయిన క్షణంలోనే జరగాలి, చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఖాళీ బండిని వేడెక్కేదాకా నడపండి. ఆగగానే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొట్టమనండి. ఇంజిన్ తిరుగుతున్నా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంటే చూపు సెన్సర్ మీదికో, దాని వైరు మీదికో వెళ్లాలి. స్కానర్‌కు ఈసీఎం అసలు పలకకపోతే దాని పవర్ పిన్నుల దగ్గర వోల్టేజీ చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఈసీఎం ఎర్త్ పిన్నుకూ మధ్య 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే తప్పు ఎర్త్‌ది. అవన్నీ సరిగ్గా ఉంటే సెన్సర్లకు వెళ్లే 5 వోల్ట్ల సప్లై చూడాలి. అది లేకపోతే సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏదో ఒకటి పీకగానే 5 వోల్టులు తిరిగొస్తే షార్టు ఆ సెన్సర్‌లోనో దాని వైరులోనో ఉన్నట్టు. అన్నీ పీకినా, హార్నెస్‌లో (వైర్ల కట్టలో) షార్టు లేకపోయినా రాకపోతే, అప్పుడు ఈసీఎం పోయిందనుకోవచ్చు.

అలా తేలితే ఏది చవక? మీరు ధరలు మాత్రమే పోల్చారు. బండి ఆగిన ప్రతి రోజూ మీకు 3 వేలు పోతుంది, ఎందుకంటే డ్రైవర్ జీతం, కిస్తీ ఆగవు. ఆ లెక్కన కొత్తది 92 వేలు, ఏడు రోజుల నష్టం 21 వేలు, మొత్తం లక్షా 13 వేలు. రిపేరు 16 వేలు, నాలుగు రోజులకు 12 వేలు, మొత్తం 28 వేలు. రిపేరు నిలవక మళ్లీ కొత్తది కొనాల్సి వస్తే, బండి లాక్కురావడానికి 10 వేలు వేసుకున్నా అదనంగా లక్షా 23 వేలు. ఈ అంకెలతో రిపేరు మూడింట రెండుసార్లు విఫలమైనా మీరు కొత్తదాని ఖర్చు దాటరు. అందుకే నా సలహా రిపేరుకే. కాకపోతే ఒక షరతు: బోర్డు విప్పి చూపించి, పోయింది కెపాసిటరా, ఇంజెక్టర్లను నడిపే డ్రైవర్ చిప్పా, వేడికి విడిపోయిన సోల్డరా అన్నది వాళ్లు చెప్పాలి. నీళ్లు దిగి బోర్డు లోపలి పొరలు తిన్న ఈసీఎం అయితే రిపేరు జోలికి పోవద్దు, కొత్తదే వేయించండి.

పాతది కొనడం నాకు నచ్చలేదు. పార్ట్ నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి, మీ బండి డేటా అందులోకి ఎక్కించాలి, దానికి వేరే ఖర్చు. పైగా ఆ బండి తుక్కుకు ఎందుకు వెళ్లిందో మీకు తెలియదు. బ్యాటరీ తీయకుండా ఛాసిస్ మీద వెల్డింగ్ చేస్తే ఈసీఎంలు పోతాయి. అలాంటిదే మీ చేతికి రావచ్చు.

ఏది చేయించినా విప్పకముందే పాత ఈసీఎంలోని డేటా చదివించి పెట్టుకోండి. ఇంజెక్టర్ల మీద చెక్కి ఉన్న కోడ్‌లు ఫోటో తీయండి. కొత్తదానిలో ఆ కోడ్‌లు ఎక్కించకపోతే పొగ, ఐడిల్‌లో కుదుపు, డీజిల్ ఖర్చు పెరగడం మొదలవుతాయి. బిల్లు మీద పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, గ్యారంటీ తేదీ రాయించండి. కొంత డబ్బు ఆపి, లోడుతో వేడెక్కేదాకా నడిపి చూశాక ఇవ్వండి. పనిలో పనిగా యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) ఆపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, మీ బండి ఇక ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిందే.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు సమగ్ర పాలసీలో యాంత్రిక, విద్యుత్ లోపాలకు క్లెయిమ్ ఉండదు. వరద నీళ్లలో మునిగి పోయుంటే వేరే మాట, అప్పుడు కూడా ఐదు నుంచి పదేళ్ల బండికి విడిభాగాల మీద 40 శాతం తరుగు కోస్తారు. ఆదాయపు పన్ను మీరు లారీల ఊహాజనిత ఆదాయ పద్ధతిలో (పాత చట్టంలో 44ఏఈ) కడుతుంటే ఈ రిపేరు బిల్లు విడిగా తగ్గించుకోలేరు. 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు వెయ్యి రూపాయలు ఆదాయం వచ్చినట్టు లెక్క, బండి షెడ్డులో ఉన్న నెలకూ అంతే.

అప్పు సంగతి. టాప్-అప్ వద్దు. 18 శాతం అంటే రూపాయిన్నర వడ్డీ. 2 లక్షలకు నెలకు సుమారు 7,230 కిస్తీ, మూడేళ్లలో వడ్డీయే 60 వేలు. మీకు కావాల్సింది అందులో సగం కూడా కాదు. పైగా 11 నెలల్లో తీరిపోయే బండి మరో రెండేళ్లు తాకట్టులోనే ఉంటుంది. రిపేరుకైతే పరీక్షతో కలిపి 20 వేల చిల్లర, అది ఇంట్లో సర్దుకోవచ్చు. కొత్తదే తప్పదంటే బ్యాంకులో బంగారం మీద లక్ష తీసుకోండి. 11 శాతం అనుకున్నా, నెలకు 8,334 అసలు జమ చేస్తూ 12 నెలల్లో తీరిస్తే వడ్డీ సుమారు 6 వేలు. విడతలుగా జమ చేసే వీలుందా, ముందే కట్టినందుకు చార్జీ ఉందా అని అడిగి మరీ సంతకం పెట్టండి. మీ 72 వేల మిగులులో కిస్తీ, జీతం, మిగతావి 47 వేలు పోను 25 వేలు ఉంటోంది. అందులో బంగారం అప్పు అసలు, వడ్డీ కడితే ఇల్లు సుమారు 16 వేలతో గడవాలి. కష్టమే. అందుకే రిపేరుతో గట్టెక్కితే ఆ 8 వేలు అప్పు కట్టినట్టే నెలనెలా ఆర్‌డీలో వేయండి. 11 నెలలకు 88 వేలు, వడ్డీ అదనం. రిపేరు నిలవకపోతే కొత్తదానికి డబ్బు అక్కడుంటుంది.

అమ్మడం గురించి: ఇలాగే అమ్మితే 2.5 లక్షలు తగ్గుతున్నాయి, బాగుచేయడానికి గట్టిగా లక్షా 13 వేలు. చెడిన బండిగా అమ్మకండి. అయితే ఆయిల్ తాగుతోందా, బ్లోబై (పిస్టన్ల పక్క నుంచి గ్యాస్ కిందికి లీకవడం) ఉందా అని ఇంజిన్‌ని కూడా ఇదే వారంలో చూపించండి. ఇంజిన్‌కు బోర్ పని (అరిగిన సిలిండర్లు, పిస్టన్లు బాగుచేయడం) కూడా దగ్గర్లో ఉందని తేలితే ఈసీఎంను రిపేరుతో నిలబెట్టి, ఆ లోపం దాచకుండా చెప్పి, గ్యారంటీ ఉన్న ఆరు నెలల్లోనే అమ్మేయండి. ఫైనాన్స్ బాకీ తీర్చి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 (తాకట్టు రద్దు ఫారం) తీసుకుని ఆర్‌సీలో తాకట్టు కొట్టివేయించాకే బండి పేరు మార్చండి.